చిల్లర యెవరి పాలు?

కూరలు కొనునపుడు కొసరు వేయించుకొనని యిల్లాలు మనలో నెవరైన కలరా? తూనిక సరిగానే యుండినను, త్రాసు దింపిన పిదప నొక పచ్చిమిరపకాయయో, నాలుగు కరివేపాకు రెమ్మలో సంచిలో పడినగాని బేరము ముగిసినట్లు మనకు తోపదు. ధాన్యము కొలుచువారు మొదటి కుంచమును 'ఒకటి' యనక 'లాభము' అని లెక్క మొదలుపెట్టుదురు. కుంచమును గోపురము కట్టి కొలిచిన కొనువారికి మేలు. తల గొట్టి కొలిచిన అమ్మువారికి మేలు. కొలతకును సొమ్మునకును నడుమ మిగులు నీ పిసరంత యెవరికి చెందవలెనను విషయమున మన పెద్దలు కన్నులు తెరచుకొనియే యుండిరి. కుంచము నలుగురి యెదుట నుండెడిది గావున తగవు అక్కడికక్కడ తీరెడిది. ఇప్పుడు లెక్కలు కంప్యూటరులోనికి పోయినవి. అందు తల గొట్టుచున్నదెవరో, గోపురము కట్టుచున్నదెవరో పైకి కానరాదు. ఇటీవల మా పొదుపు సంఘమున నీ విషయమై జరిగిన చర్చను మీకు చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా సంఘమున పండ్రెండుగురము. నెలనెలా దాచుకొనిన సొమ్మును అవసరమైన వారికి నూటికి నెలకు రూపాయి వడ్డీపై నప్పుగా నిచ్చుచుందుము. లెక్కలు మొదట పుస్తకమున నుండెడివి. తరువాత సంఘములోని చదువుకొనిన యొకామె వానిని స్ప్రెడ్‌షీటులోనికి మార్చి, నెలకొకమారు కాగితముపై అచ్చు తీసి యందరికిని పంచుచుండెను. స్ప్రెడ్‌షీటనగా నేమో యెరుగని సోదరీమణులకు రెండు మాటలు. అది అడ్డగీతలును నిలువుగీతలును గీచిన పెద్ద కాగితము వంటిది. ఒక్కొక్క గడిలో అంకెనైనను వ్రాయవచ్చును, సూత్రమునైనను వ్రాయవచ్చును. సూత్రము వ్రాసినచో తక్కిన గడులలోని యంకెలను చూచి, ఫలితమును తానే కట్టి చూపును. ఫార్ములా యను మాటకు సూత్రమని తెలుగు చేసినవారెవరో కాని మంచి పని చేసిరి. పాణిని సూత్రములవలె వీనికిని అక్షరములు తక్కువ, ఆజ్ఞ యెక్కువ.

మా వారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. పిల్లల మార్కుల నిమిత్తము ఇంట నొక లాప్‌టాపు కలదు. నేను బడికి పోయి చదివినదానను కాను. మా నాయనగారు ఇంటియొద్దనే కావ్యములతోపాటు లీలావతియు చెప్పించిరి. ఆ చదువు కంప్యూటరున కేమి పనికివచ్చునని మా బంధువులు హాస్యమాడుట కలదు. పనికివచ్చిన తెరంగు ముందు మీరే చూతురు.

ఒక సాయంకాలము మా వీధిలో పూలమ్ము పిన్ని, సంఘపు కాగితము చేత బట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె అయిదవ తరగతి వరకే చదివినది. భర్త పోయి చాలయేండ్లైనది. మూర లెక్కన పూలమ్మి కొడుకును చదివించుచున్నది.

"మేష్టారమ్మగారూ, ఈ కాగితంలో నాలుగు రూపాయలు కనపడటం లేదు. మీరు చూసి చెప్పండి" అనెను.

ఆ యేడు పంచుకొనవలసిన వడ్డీ సరిగా 1,000 రూపాయలు. పండ్రెండుగురి పేర్లకెదురుగ ఒక్కొక్కరికి 83 అని యున్నది. అడుగున మొత్తము 1,000 అని యున్నది. పిన్ని వ్రేళ్ళపై కూడుకొని చూచినది. పండ్రెండు ఎనుబదిమూడులు 996 మాత్రమే. "కంప్యూటరు తప్పు చెయ్యదంటారు. మరి ఆ నాలుగూ ఎవరు తీసినట్టు?" అని యడిగినది. ఆమె కంఠములో కోపముకన్న భయమే హెచ్చుగ నుండెను. ఇట్లైనచో సంఘము మాని, వారపు వడ్డీకిచ్చువానియొద్దకే పోయెదననియు చెప్పినది. అట్టివారి వడ్డీ యెట్టిదో మన కందరికిని తెలిసినదే.

నాలుగు రూపాయలును ఎవరును తీయలేదు. గడిలో నిజముగ నున్న యంకె 83.3333... దశాంశములను చూపవద్దని చెప్పియుండుటచే కంటికి 83 అని మాత్రము కనబడినది. మొత్తము కట్టునపుడు మాత్రము యంత్రము తనయొద్ద దాచుకొనిన పూర్తి యంకెను కూడినది. గడికి తొడిగిన వేషము వేరు, లోని విలువ వేరు. చాలమంది యీ రెంటికిని భేద మెరుగరు. అంకెలను కురుచగా చూపుట ఒక పని. 'రౌండ్' అను సూత్రముతో విలువనే మార్చుట మరియొక పని. మొదటిదానివలన కాగితము అందముగ నుండును కాని, చేతితో కూడువారికి లెక్క కుదరదు. రెండవదానివలన లెక్క కుదురును కాని, మిగులు నాలుగు రూపాయల నేమి చేయవలెనో మనుష్యులే చెప్పవలెను.

ఈ మాటలు చెప్పునపుడు నాకు లీలావతి జ్ఞప్తికి వచ్చినది. 12వ శతాబ్దమున భాస్కరాచార్యులు వృత్తపరిధికి రెండు లెక్కలు చెప్పిరి. వ్యాసము 1250 ఐనచో పరిధి 3927, ఇది సూక్ష్మము. వ్యాసము 7 ఐనచో పరిధి 22; ఇది స్థూలము, లోకవ్యవహారమునకు చాలునది. బండిచక్రమునకు పట్టా వేయువానికి రెండవది చాలును; ఆయన దానిని చెప్పుటకు వెనుదీయలేదు. కాని ఏది సూక్ష్మమో, ఏది స్థూలమో పేరు పెట్టి మరీ చెప్పిరి. పిన్ని చేతి కాగితమున నా పేరే లేదు. ఆమె అడిగినదియు నదియే.

నాలుగు రూపాయల చిక్కు విడిపోయినది గదా యని కాగితమును మడుచుచుండగా, పిన్ని తన యప్పు వరుస చూపి, "ఇది కూడా చూడండి" అనెను. అసలు విషయ మక్కడ నున్నది.

ఆమె పూల పెట్టుబడికి 1,000 రూపాయలు తీసికొని, నెలకు 100 చొప్పున తీర్చుచున్నది. వడ్డీ మొదటి నెల 10, తరువాత 9, 8, 7 ఇట్లు తగ్గుచు కడపటి నెల 1 రూపాయి. పది నెలలకు కలిపి 55 రూపాయలు. కాని కాగితమున ఆమె చెల్లించినవి 10, 10, 10, 10, 10, 5, 5, 5, 5, 5. మొత్తము 75. చిల్లర దొరకదు గావున వడ్డీని పై అయిదునకు తేల్చవలెనని పూర్వము పుస్తకమున నుండిన యలవాటును కంప్యూటరున కెక్కించిరి. 'సీలింగ్' అను సూత్రమున కా గుణము కలదు. సీలింగనగా ఇంటి పైకప్పు. అంకె యెక్కడ నుండినను దానిని పైకప్పునకు తగిలించును. 'ఫ్లోర్' అనునది నేలకు దింపును. 'ఎమ్‌రౌండ్' అనునది యేది దగ్గరో అక్కడికి చేర్చును. అదే 7 రూపాయల వడ్డీ సీలింగు చేతిలో 10 అగును, ఫ్లోరు చేతిలో 5 అగును, ఎమ్‌రౌండు చేతిలోను 5 అగును.

ఇదే సంఘమున మరియొకామె 20,000 తీసికొని నెలకు 2,000 చొప్పున తీర్చినది. ఆమె వడ్డీ 200, 180, 160 ఇట్లు దిగుచు వచ్చును. అన్నియు అయిదుల లెక్కకు సరిపోవునవే. పైకప్పు సూత్ర మామె నంటనేలేదు. పెద్ద యప్పు కాసైన నెక్కువ కట్టకుండ పోయినది. చిన్న యప్పు 55కు 75 కట్టినది. నూటికి ముప్పదియారు వంతు లెక్కువ! సూత్రమందరికి నొక్కటే. పక్షపాతము వ్రాసినవారెవరును లేరు. ఐనను బీదరాలి గంపమీదనే అది కూర్చున్నది. నేనీ రెండు వరుసలను ప్రక్కప్రక్కన బెట్టి చాలసేపు చూచితిని.

ఇందొక చమత్కారము. పిన్ని వడ్డీనే దగ్గరి యయిదునకు తేల్చినచో 10, 10, 10, 5, 5, 5, 5, 5, 0, 0 అగును. మొత్తము సరిగా 55! పైకి పోయినవియు క్రిందికి దిగినవియు ఒకదాని నొకటి కొట్టుకొనిపోయినవి. ప్రతి యప్పునకు నింత చక్కగ కుదురునని చెప్పజాలను. 800 అప్పునకు నిజపు వడ్డీ 36, ఈ పద్ధతిని 35. పైకప్పు పద్ధతిని మాత్రము 55.

మా వారితో నీ ముచ్చట చెప్పగా, మార్కుల పట్టికలో తాము చూచిన దొకటి చెప్పిరి. ఒక పిల్లవాని సగటు 34.46. ఉత్తీర్ణతకు 35 కావలెను. ఆ యంకెను మొదట నొక దశాంశమునకు తేల్చిన 34.5, దానిని మరల పూర్ణాంకమునకు తేల్చిన 35. ఒక్కమారే తేల్చియుండిన 34. రెండు మెట్లెక్కి పిల్లవాడు గట్టెక్కినాడు. "పిల్లవాడికి మేలే కదండీ?" అంటిని. "వాడికి మేలే. కాని పక్క సెక్షన్లో ఒక్కసారే తేల్చారు. అక్కడ అదే సగటున్న పిల్ల తప్పింది" అనిరి. నిజమైన యంకెను భద్రముగ నుంచి, కట్టకడపట నొక్కమారే తేల్చవలెనని వారి మతము. సగమునకు సగమైన యంకె విద్యార్థి పక్షమున పైకే పోవలెననియు వారి మతము. దానికి గణితమున హేతువు లేదు, జాలి మాత్రమే హేతువని వారే నవ్వుచు నొప్పుకొనిరి.

దేశదేశములలో నీ తేల్చు పద్ధతులవలన జరిగినవి వినిన నాశ్చర్యము కలుగును. కెనడాలోని వాంకూవరు స్టాకు ఎక్స్‌ఛేంజివారు 1982లో నొక సూచీని 1000 వద్ద ప్రారంభించిరి. దినమునకు వేలసార్లు దానిని తిరుగ లెక్కించుచు, ప్రతిమారును మూడు దశాంశములకు పిదప నున్న దానిని కోసివైచుచుండిరి. కోసినది కంటికానని నలుసు. ఇరువది రెండు నెలలకు, 1983 నవంబరునాటికి సూచీ 524కు దిగినది. సరిచేసి చూడగా నిజమున 1098 ఉండవలెనట!

మన దేశమున 1957 ఏప్రిలు 1వ తేదీన అణాలు పోయి నయాపైసలు వచ్చినపుడును చిల్లర తగవు వచ్చినది. పదునారణాలకు నూరు పైసలు గావున అణాకు ఆరుంబావు. పావు పైసకు నాణెము లేదు. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని పట్టిక వేసిరి. రెండణాలకు నిజమున పండ్రెండున్నర. ఆ యరను పైకి చేర్పక విడిచిరి. అరకు మించినచోనే పైకి చేర్చిరి. మా అమ్మమ్మ అప్పటికి కొత్త కోడలు. రెండణాల వస్తువులు రెండు విడివిడిగ కొనిన 24 పైసలు, కలిపి కొనిన 25 పైసలని కనిపెట్టి, ఒకమారు ఉప్పునకును మరల చింతపండునకును అంగడికి రెండుమారులు పోయెడిదట. పైస మిగుల్చుటకు కాలు నొప్పి తెచ్చుకొనెనని తాతగారు గేలి చేయుచుండిరి.

ఆదాయపు పన్నునకు 1961 నాటి చట్టమున ఆదాయమును పదిరూపాయల లెక్కకు తేల్చు నియమముండెను. కడపటి యంకె అయిదైనను అంతకు మించినను పైపదికే. 2017లో వచ్చిన జీఎస్టీ చట్టమున ఏబది పైసలైనను పై రూపాయికే. అణాల పట్టికలో సగము క్రిందికి, పన్ను పట్టికలో సగము పైకి. సగమున కెప్పుడును సొంత యిల్లు లేదు; ఎవరు సూత్రము వ్రాసిన వారి యింట దిగును.

ఇక మా సంఘపు సభ. పిన్ని వచ్చి వెనుక గోడవార కూర్చుండెను. లెక్కలు చూచుచుండిన యామె మొదట నొచ్చుకొనినది. "ఆ ఎక్కువ డబ్బు నేను కొంగున కట్టుకున్నానా? సంఘంలోనే ఉంది కదా!" అనెను. ఆ మాట నిజమే. ఆమె చేతిలో కాసైనను తేడా లేదు. కాని సంఘములో నుండిన సొమ్ము యేటి చివర పండ్రెండు భాగములగును గదా. పిన్ని యెక్కువ కట్టిన 20 రూపాయలలో ఆమెకు తిరిగి వచ్చునది రూపాయి అరువదియేడు పైసలు. తక్కినది, పైకప్పు తగులని పెద్ద యప్పులవారితో సహా, మా పదునొకండుగురికిని పోవును. ఇట్లు విప్పి చెప్పగా సభ నిశ్శబ్దమైనది.

"ఇరవై రూపాయలకా ఇంత రాద్ధాంతం?" అని యొకామె గొణిగెను. పిన్ని లేచి, "ఆ ఇరవై వస్తే నేను ఒక మూర తక్కువ కట్టుకుంటానమ్మా, ఎండ ఎక్కకముందే ఇంటికి పోతాను" అనెను. అంతకు మించి యామె యేమియు మాటలాడలేదు.

ఫోనుద్వారా కట్టినచో ఏడు రూపాయలు ఏడుగానే పంపవచ్చును గదా యని మరియొకామె సూచించెను. మంచి మాటయే, కాని మాలో నలుగురికి అట్టి ఫోనులు లేవు. ఉన్నవారికొక లెక్క, లేనివారికొక లెక్క యుండరాదని తీర్మానమైనది. తుదకు నేను చెప్పిన పద్ధతి యందరికిని సమ్మతమైనది. ఆనాటినుండి లెక్కలు మేమిద్దరము కలిసి చూచుచున్నాము.

ఆ పద్ధతి యిది. గడులు మూడు. మొదటిదానిలో నిజమైన వడ్డీ పైసలతో సహా నుండును. దాని నెవరును తేల్చరాదు. రెండవదానిలో ఈ నెల వసూలు చేయవలసినది, అయిదు రూపాయల లెక్కకు తేల్చినది. మూడవదానిలో మిగులు. నిజమునకును వసూలునకును గల భేద మక్కడ నిలిచి, మరుసటి నెల వడ్డీతో కలియును. అప్పు తీరు నెలలో మిగులును పూర్తిగ పరిష్కరింతుము. పిన్ని లెక్కను దీనిలో వేయగా 10, 10, 5, 10, 5, 5, 5, 0, 5, 0 అని వచ్చినది. మొత్తము 55. ఏ నెలలోను మిగులు రెండు రూపాయలకు మించలేదు.

సరిగా నడుమ నిలుచు అంకె, రెండున్నర, ఏడున్నర వంటిది, ఎటు పోవలెనని చర్చ సాగినది. సగమును సరిసంఖ్యవైపు పంపు పద్ధతి యొకటి కలదు. 1985లో కంప్యూటరు గణితమునకు నియమములేర్పరచినవారు దానినే ప్రధానముగ గ్రహించిరి. ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి పోవుటచే దీర్ఘకాలమున త్రాసు సమముగ నుండును. 250 అప్పును 50 చొప్పున తీర్చువారి వడ్డీ 2.50, 2, 1.50, 1, 0.50, కలిపి ఏడున్నర. దీనిని రూపాయలకు తేల్చునపుడు సగమును పైకి పంపిన 9, క్రిందికి పంపిన 6, సరిసంఖ్యకు పంపిన 7. పద్ధతి చక్కనిదే కాని, మా సభలో దానిని నేను రెండుమారులు చెప్పినను ఇద్దరికి మించి బోధపడలేదు. బోధపడని న్యాయము మా సంఘమున చెల్లదు. మిగులు ముందునెలకు పోవుచునే యున్నది గావున, అణాల పట్టికవలె సగమును క్రిందికే విడుచుట మేలని తోచినది.

'రౌండ్', 'ఎమ్‌రౌండ్' సూత్రములు సగమును పైకే పంపును గావున, మా నియమమునకు సొంత సూత్రము కట్టవలసివచ్చినది. వడ్డీని పాత మిగులుతో కలిపి, అయిదిట భాగించి, అందుండి అర తీసివేసి, వచ్చినదానిని సీలింగుతో పై పూర్ణాంకమునకు చేర్చి, మరల నయిదిట గుణింపవలెను. ఏడున్నరను వేసి చూడుడు: ఒకటిన్నర, అర పోగా ఒకటి, పైకప్పు ఒకటియే, అయిదిట గుణింప 5. ఎనిమిదిని వేసిన 10. ఇందు సీలింగునకు బదులు 'రౌండప్' వాడరాదు. రెండును పైకే పోవునని తోచును కాని, సున్నకు దిగువనున్న యంకెలయెడ రౌండపు సున్నకు దూరముగ నడచును. కలిపిన బాకీ సున్నయైన నెల, అర తీయగా ఋణమైన అర వచ్చును. రౌండపు దానిని ఋణమైన ఒకటిగా చేసి, సంఘమే అయిదు రూపాయలు ఎదురీయవలెనని చెప్పును! సీలింగు మర్యాదగా సున్న యని చెప్పును.

యేటి చివరి నాలుగు రూపాయలనుగూర్చి వాదమే లేకుండెను. ఒక్కొక్కరికి 83 పంచి, నాలుగును మరుసటి యేటి వడ్డీలో ముందుగా వ్రాయుటకు నిశ్చయించితిమి. కాగితమున 'పంచినది 996, నిలువ 4' అని వేరుగ అచ్చు వేయించుచున్నాము.

పిన్ని పాత వరుసలోని 20 రూపాయలును, మరి ముగ్గురు చిన్న యప్పులవారి యధికమును లెక్కగట్టి యిచ్చివేసితిమి. ఆమె మరల 1,000 తీసికొన్నది. ఇప్పుడు రెండవ నెల. వడ్డీ 9 కాగా 10 కట్టినది. మూడవ గడిలో ఋణము 1 అని యున్నది. అదేమని యడిగినది. సంఘము నీకు రూపాయి బాకీ యని చెప్పితిని. "అయితే కాగితం మీద గట్టిగా రాయండి, వచ్చే నెల అడుగుతాను" అని, జడలోనికొక చేమంతి నిచ్చి, గంప నెత్తిన పెట్టుకొని పోయినది.